గిరగిరక్క చక్రం ఎక్కిన సాయంత్రం

మనిషిని చూడగానే బరువు చెప్పడంలో గిరగిరక్కను మించినవాళ్ళు ఆ ఎగ్జిబిషన్ మైదానంలో లేరు. జెయింట్ వీల్ ముందు వరుసలో నిలబడ్డవాళ్ళ మీదుగా ఒక్క చూపు పారించి, ఎవరిని ఏ తొట్టిలో కూర్చోబెట్టాలో తేల్చేసేది. చక్రానికి ఒక పక్క బరువై రెండో పక్క తేలికైతే మోటారు ఏడుస్తుంది, తొట్లు ఊగిపోతాయి, పైనున్నవాళ్ళ ప్రాణాలు పైనే పోతాయి. అందుకని కొత్తగా పెళ్ళయిన బక్కపల్చటి జంటను ఒక తొట్టిలో ఎక్కిస్తే, దానికి సరిగ్గా ఎదుటి తొట్టిలో ఒంటరిగా వచ్చిన ఒక భారీ మేష్టారిని కూర్చోబెట్టేది. "మీరు కాసేపు ఆగండి మేష్టారూ, మీకు తూగే జంట ఇంకా రాలేదు" అని నలుగురిలో అంటే ఎవరికైనా ఒళ్ళు మండాలి. ఆమె అంటే మండేది కాదు. మేష్టారు పొట్ట నిమురుకుని నవ్వి, జంట కోసం ఎదురుచూసేవాడు.

పొద్దస్తమానం గిరగిర తిరిగే దాని పక్కనే ఉంటుంది కాబట్టి గిరగిరక్క. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది కానీ, ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి అడిగేదాకా అది ఆమెకే గుర్తు రాలేదు. ఆమె భర్త ఆ చక్రానికి మెకానిక్. మైదానంలో అందరికీ గ్రీజు బావ. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. అందులో నాలుగు మోటారుతోనే. చక్రం వెనకాల రేకుల గదిలో వాళ్ళ కాపురం. గోడకు రెంచీలు, గోడ అవతల మోటారు, ఒకే కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే ఆకాశం కనపడదు. పైకెళ్ళే కాళ్ళూ కిందికొచ్చే కాళ్ళూ కనిపిస్తాయి. గిరగిరక్క చెప్పుల్ని బట్టి కూడా మనుషుల్ని గుర్తుపట్టేది.

ఇంత చక్రాన్ని ఆడించే మనిషి ఒక్కసారైనా దాన్ని ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, మిఠాయి చేసేవాడికి మిఠాయి మొహం మొత్తదా అని దాటేసేది. అసలు సంగతి ఏమిటంటే, ఆమెకు ఎత్తంటే భయం. గదిలో బల్బు మార్చడానికి స్టూలు ఎక్కినా మోకాళ్ళు టకటక కొట్టుకునేవి. ఈ రహస్యం తెలిసినవాడు లోకంలో ఒక్కడే, ఆమె తమ్ముడు. చిన్నప్పుడు పిట్టగోడెక్కి దిగలేక ఏడుస్తున్న అక్కను ఒడుపుగా కిందికి దించింది వాడే. అప్పటికి వాడికి సరిగ్గా నిక్కరు తొడుక్కోవడం కూడా రాదు.

ఆ తమ్ముడిదీ ఆ మైదానంలోనే పని. జెయింట్ వీల్‌కు అవతల, నిలువు చెక్కలతో కట్టిన పెద్ద గుండ్రటి బావి ఉంది. దాని గోడ మీద మోటార్‌సైకిల్ అడ్డంగా నడుపుతాడు. చేతులు వదిలేసి నడుపుతాడు, పక్కకు కూర్చుని నడుపుతాడు, పైన అంచు చుట్టూ నిలబడి చూసేవాళ్ళ చేతిలోని రుమాలు లాక్కుని ముక్కు తుడుచుకుని మళ్ళీ ఇస్తాడు. జనం అతనికి బావి భీముడని పేరు పెట్టారు. ఈ భీముడు భయపడేది ఒక్కదానికే. సూదికి. ఒకసారి కాలిలో మేకు దిగి ఇంజెక్షన్ చేయించాల్సి వస్తే నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ నలుగురిలో ఇద్దరికి కట్లు కట్టాల్సి వచ్చింది.

ఇలా ఎవరి భయం వాళ్ళు లోపల దాచుకుని అక్కాతమ్ముళ్ళు హాయిగా బతికేస్తుండగా, గిరగిరక్క ఒంటి మీద మచ్చలు మొదలయ్యాయి.

ఇంకెక్కడైనా అయితే ఆ మచ్చల్ని చూసి ఎవరో ఒకరు ఏమిటివి అని అడిగేవాళ్ళు. చక్రాల దగ్గర పనిచేసేవాళ్ళలో అడగరు. ఇనుప కడ్డీలు తగిలి ఒళ్ళు కమలడం అక్కడ మామూలు. సాయంత్రాలు ఆట మొదలయ్యే ముందు అందరూ చొక్కా చేతులు మడిచి, నాది పెద్దదంటే నాది పెద్దదని చూపించుకునేవాళ్ళు. మచ్చ లేనివాడు పని దొంగ అన్నమాట. గిరగిరక్క మోచేతి మీది నల్లటి మచ్చకు ఆ ఏడు మొదటి బహుమతి వచ్చింది కూడా. కడ్డీ తగలడానికి వీల్లేని తొడల మీద, వీపు మీద కూడా మచ్చలు ఎలా వచ్చాయని ఆమె ఆలోచించలేదు.

కళ్ళు తిరిగితే, రోజంతా తిరిగేదాన్ని చూస్తే తిరక్క ఏం చేస్తాయి అనుకుంది. చిగుళ్ళలోంచి రక్తం వస్తే కొత్త బ్రష్షును తిట్టుకుంది. విడవకుండా జ్వరం తగులుకుంటే వానను తిట్టింది. నాలుగడుగులకే ఆయాసం వస్తే వయసును తిట్టింది. ఒక్కో లక్షణానికి ఒక్కో ముద్దాయి దొరికాడు. అసలు దొంగ లోపల కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఆ దొంగను పట్టించింది చక్రమే. ఒక సాయంత్రం గిరగిరక్క రెండు భారీ కుటుంబాలను ఒకే పక్కన ఎక్కించేసింది. మోటారు గొల్లుమంది. గ్రీజు బావ రేకుల గదిలోంచి పరుగెత్తుకొచ్చి చూస్తే, లివర్ పట్టుకుని నిలబడే ఓపిక లేక ఆమె స్తంభానికి చేరగిలబడి ఉంది. చక్రం ఆపాడు, అందరినీ దించాడు, ఆ రోజుకు మిగిలిన మాటలన్నీ ఒక్కసారే వాడేశాడు.

"బేరింగ్ శబ్దం మారితే విప్పి చూస్తాం కదా. నీ శబ్దం మారి చాలా రోజులైంది. రేపు ఆసుపత్రికి పోదాం."

మామూలు రక్తపరీక్ష. వేలెడంత సీసాలో కాస్త రక్తం. ఆ కాగితం చూసిన చిన్న డాక్టరు వాళ్ళను వెంటనే పెద్దాసుపత్రికి, రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఎముకలోంచి మూలుగ తీసి ఇంకో పరీక్ష చేశాక, డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇది రక్త క్యాన్సర్ అని మెల్లగా చెప్పింది. గిరగిరక్క నమ్మలేదు. క్యాన్సరంటే ఎక్కడో ఒక గడ్డ ఉండాలి కదా, నాకు గడ్డే లేదే అంది. డాక్టరమ్మ విసుక్కోలేదు. రక్తం ఎముకల్లోని మూలుగలో తయారవుతుందనీ, అక్కడ పనికిరాని పచ్చి కణాలు పుట్టుకొచ్చి చోటంతా ఆక్రమించేస్తే, బలమిచ్చేవీ, జ్వరాన్ని ఆపేవీ, గాయాన్ని మూసేవీ పుట్టడానికి జాగా ఉండదనీ చెప్పింది. అందుకే నీరసం, జ్వరం, మచ్చలు.

గిరగిరక్క కాసేపు ఆలోచించింది. "అంటే టికెట్ లేనివాళ్ళు తొట్లన్నీ ఎక్కి కూర్చున్నారు. దిగమంటే దిగరు. టికెట్ కొన్నవాళ్ళు కింద నిలబడి ఉన్నారు. అంతేనా అమ్మా?"

అంతే అంది డాక్టరమ్మ. ఆ తర్వాత వచ్చిన రోగులందరికీ ఆమె ఈ తొట్ల లెక్కే చెప్పడం మొదలుపెట్టిందని నర్సులు నవ్వుకునేవాళ్ళు.

మందులతో టికెట్ లేనివాళ్ళను దించే పని మొదలైంది. అది తేలికైన పని కాదు. వాంతులు, నోటిపూత, మంచం దిగలేని రోజులు. జుట్టు దిండు మీద రాలిపోయింది. గ్రీజు బావ ఆమె గుండు వైపు చాలాసేపు చూసి, కొత్త బేరింగులా ఉన్నావన్నాడు. పెళ్ళయ్యాక అతను ఆమెను పొగడటం అదే మొదలు. ఆమె ఆ మాటను ముగ్గురు నర్సులకు చెప్పుకుంది. ఈ జబ్బు అంటుకుంటుందేమోనని మైదానంలో కొందరు ఆమె గ్లాసు వేరుగా పెడితే, అంటుకోదని డాక్టరమ్మ చెప్పిందని అందరి గ్లాసుల్లోనూ ఒక్కో గుక్క నీళ్ళు తాగి చూపించింది కూడా గ్రీజు బావే, ఆమె గ్లాసుతో మొదలుపెట్టి.

తొట్లు ఖాళీ అయ్యాయి. అయితే ఆమెకు వచ్చిన రకం మొండిదనీ, మళ్ళీ ఎక్కి కూర్చుంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. అలా జరగకుండా ఉండాలంటే, ఈలోపే వేరొకరి నుంచి రక్తాన్ని పుట్టించే మూలకణాలు తెచ్చి ఆమె ఎముకల్లో నాటాలి. ఆ వేరొకరు ఆమెకు సరిగ్గా తూగాలి. తోడబుట్టినవాళ్ళలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం.

గిరగిరక్కకు ఈ పరీక్షే అనవసరం అనిపించింది. చూస్తే తెలియదా? ఆమెకు ఒక పెద్దక్క ఉంది. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే నడక, ఒకటే తుమ్ము. కవలలనుకుని పొరపడనివాళ్ళు లేరు. తమ్ముడు మాత్రం ఎవరి పోలికా లేకుండా పుట్టాడు. వీణ్ణి ఆసుపత్రిలో మార్చేశారని ఇంట్లో పాత హాస్యం. పరీక్ష కూడా ఏం లేదు, దవడ లోపల దూదిపుల్ల తిప్పడమే. సూది లేదని తెలిసి తమ్ముడు "ఇంతేనా" అని, కావాలంటే రెండో దవడ కూడా తీసుకోమన్నాడు.

పెద్దక్క తూగలేదు. తమ్ముడు తూగాడు. అచ్చు గుద్దినట్టు తూగాడు. ఇన్నేళ్ళు మనుషుల్ని చూసి తూచిన గిరగిరక్కకు అంత పెద్ద తప్పు ఎప్పుడూ జరగలేదు. ఆమె పకపకా నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చింది.

తమ్ముడి మొహం మాత్రం తెల్లబోయింది. అసలు కణాలు ఇవ్వడానికి సూదులున్నాయని అప్పుడే తెలిసింది.

అడ్డు చెప్పింది మొదట అతను కాదు, అతని భార్య. "వెన్నులో బెజ్జం పెట్టి మూలుగ లాగేస్తారంట కదా వదినా. ఆ తర్వాత మనిషి నిటారుగా నిలబడలేడంట. ఈయన బతుకంతా గోడ మీదే కదా." ఆ అమ్మాయి భయంలో తప్పేముంది? గిరగిరక్క ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఆమెకు కుర్చీ వేసి, ఈయన వెన్ను జోలికి ఎవరూ వెళ్ళరమ్మా అంది. కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. వాటితో ఎముకల్లోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఒళ్ళు నొప్పులుంటాయి, తగ్గిపోతాయి. చివరిరోజు కుర్చీలో కూర్చోబెట్టి, ఒక చేతిలోంచి రక్తం తీసి, మిషన్‌లో కణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని రెండో చేతిలోకి పంపేస్తారు. పోయిన కణాలను ఒళ్ళు కొన్ని వారాల్లో మళ్ళీ తయారు చేసుకుంటుంది. మరదలు అన్నీ విని, అడగాల్సినవన్నీ అడిగి, బయటికొచ్చి మొగుడితో ఒక్క ముక్కలో చెప్పింది, పద అని.

మొదటి ఇంజెక్షన్ రోజు ఉదయం భీముడు కనపడలేదు.

వెతకడం పెద్ద కష్టం కాలేదు. జనం లేని మైదానంలో, ఖాళీ బావిలోంచి మోటార్‌సైకిల్ మోత వినిపిస్తోంది. గోడ మీద గిరగిర తిరుగుతున్నాడు. గోడ మీద తిరిగేవాణ్ణి పట్టుకోవడం ఎవరివల్ల అవుతుంది? కింద తలుపు దగ్గర మరదలు దిగమని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంది. గ్రీజు బావ చేతులు కట్టుకుని ఇంజను శబ్దం వింటూ, పెట్రోలు నిండా ఉందని మాత్రం తేల్చాడు.

గిరగిరక్క మాస్కు సర్దుకుని, బావి చుట్టూ పైకెళ్ళే చెక్కమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. రెండంతస్తుల ఎత్తు. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. ఒకసారి నీరసానికి, ఒకసారి భయానికి. పైకి చేరి, రెండు చేతులతో అంచు పట్టుకుని, గుండు మీది రుమాలు ఎగిరిపోతున్నా వదిలేసి, లోపలికి తొంగిచూసింది.

తమ్ముడు చూశాడు. బండి కాస్త తడబడింది. ఆ తర్వాత మాటలన్నీ వాయిదాల మీదే నడిచాయి. అతను ఆమె ముందు నుంచి దూసుకుపోతూ ఒక ముక్క అంటే, మళ్ళీ వచ్చేసరికి ఆమె జవాబు.

"నువ్విక్కడికి ఎట్లా ఎక్కావక్కా?"

"మెట్లెక్కి."

"దిగు, పడిపోతావు."

"నువ్వు దిగితే దిగుతా."

"నేను దిగను."

"తిరుగు మరి. నాకు మాత్రం వేరే పనేముంది?"

ఒక చుట్టు ఊరికే పోయింది.

"సూది చూస్తే నాకు కాళ్ళు నీళ్ళైపోతాయక్కా. ఎవరికీ చెప్పకు."

"ఎవరికి చెప్పాల్రా, ఊరంతా తెలుసు."

మరో చుట్టు. ఈసారి ఆమె అతని మాట కోసం ఆగలేదు. అతను దగ్గరికి రాగానే, మామూలు గొంతుతో, చావంటే నాకు భయంగా ఉందిరా అంది. ఆ మోతలో అది వినపడి ఉండకూడదు. వినపడింది. తర్వాతి చుట్టుకు తమ్ముడు గోడ మీద కాస్త కిందికి జారి, వేగం తగ్గించాడు.

"ఇంజెక్షన్ వేయించుకుంటా. నువ్వు బాగై వచ్చి నీ చక్రం ఎక్కాలి."

"అదొక్కటి తప్ప ఇంకేదైనా అడుగు."

"అదొక్కటే. పైదాకా. కళ్ళు తెరిచి."

గిరగిరక్క ఆలోచించింది. ఒక పక్క చావు, ఒక పక్క జెయింట్ వీల్. ఆమెకు చాలా సేపే పట్టింది. కింద నుంచి మరదలు పోయిన గొంతుతోనే, ఒప్పుకో వదినా, చూసి చూసి నా తల తిరిగిపోతోంది అని మొత్తుకుంది.

"సరే. ఒక్క చుట్టు."

"మూడు."

"రెండు."

"మూడక్కా. నాకు ఎన్ని సూదులో నీకు తెలుసా?"

మూడుకు బేరం కుదిరింది. బండి కిందికి దిగింది. అక్క పైనుంచి దిగలేక కూర్చుండిపోతే, తమ్ముడే మెట్లెక్కి వచ్చి, చిన్నప్పటిలాగే ఒడుపుగా దించాడు.

ఆసుపత్రిలో నర్సు దూది తడిపి అతని చేతికి రాసిందో లేదో, భీముడు కళ్ళు తేలేశాడు. సూది ఎప్పుడు దిగిందో అతనికి తెలియనే లేదు. లేచాక "ఇంకా ఎంతసేపు" అని అడిగితే, అయిపోయి చాలాసేపయింది పడుకో అంది నర్సు. ఆ తర్వాతి రోజుల్లో నడుము లాగుతోందని, మోకాళ్ళు పీకుతున్నాయని వీధివీధికీ వినిపించేలా మూలిగాడు కానీ, పారిపోలేదు. చివరిరోజు కుర్చీలో రెండు చేతులూ చాపుకుని కూర్చుంటే భార్య అతని నోట్లో బిస్కట్లు పెట్టింది. తన రక్తం ఒక గొట్టంలోంచి వెళ్ళి, మిషన్‌లో గిరగిర తిరిగి, ఇంకో గొట్టంలోంచి రావడం చూసి అతనికి మహా ముచ్చటేసింది. అచ్చు నా బావే అని మురిసిపోయి, వచ్చిన ప్రతి నర్సుకూ దాని వేగం గురించి సలహాలిచ్చాడు.

ఇటు గిరగిరక్క గదిలో స్టాండుకు ఒక చిన్న సంచి వేలాడదీశారు. సన్నటి గొట్టంలోంచి ఎర్రటి ధార మెల్లగా ఆమెలోకి దిగింది. కోతలేదు, కుట్టులేదు. "ఇంతేనా" అంది ఆమె. తమ్ముడి మాటే తన నోట్లోంచి వచ్చిందని తర్వాత తట్టింది.

అంతే కాదు. ఆ తర్వాత అద్దాల గదిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. కొత్త కణాలు కుదురుకునేదాకా చిన్న తుమ్ము కూడా ప్రమాదమే. ఇంటికొచ్చాక కూడా ఏడాదిదాకా జనంలోకి రావద్దన్నారు. రేకుల గది కిటికీ మూసి, దాని అద్దం మీద కాళ్ళ నీడలు చూస్తూ గడిపింది. ఒకసారి జ్వరం వచ్చి మళ్ళీ ఆసుపత్రిలో పడేస్తే, గ్రీజు బావ ఆ రాత్రంతా అక్కరలేని నట్లు బిగించాడు. ఆ జ్వరమూ దిగింది.

ఒక పరీక్ష రోజున డాక్టరమ్మ నవ్వుతూ, నీ రక్తం గ్రూపు మారిపోయింది అంది. పుట్టినప్పటి గ్రూపు పోయి తమ్ముడి గ్రూపు వచ్చింది. గిరగిరక్కకు ఆ కబురు తలకెక్కింది. మైదానంలో తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పింది. తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, నీ రక్తం వచ్చాక నాకూ సూదంటే వణుకు పట్టుకుందిరా. నీ సరుకే ఇంత పిరికిదా?" అని దెబ్బలాడింది. అతను తక్కువ తిన్నాడా? "నా రక్తం కదా, ఎత్తంటే భయం పోయి ఉంటుంది. మూడు చుట్లు బాకీ ఉన్నావు" అన్నాడు.

ఆ బాకీ తీర్చే సాయంత్రం రానే వచ్చింది. ఊరికే ఎక్కనంది గిరగిరక్క. ఇంత భయపడి ఎక్కుతున్నప్పుడు దానికో ప్రయోజనం ఉండాలి. డాక్టరమ్మతో మాట్లాడి, చక్రం పక్కనే ఆసుపత్రివాళ్ళ చేత ఒక గుడారం వేయించింది. అందులో దూదిపుల్లలతో ఇద్దరు నర్సులు. తోడబుట్టినవాళ్ళలో తూగేవాళ్ళు లేని రోగులు చాలామంది ఉన్నారనీ, వాళ్ళకు ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి తూగవచ్చనీ ఆమె ఆసుపత్రిలో విని వచ్చింది. మందులు ఎక్కించుకున్న వార్డులో పక్క మంచం మీది అమ్మాయికి అలాంటి మనిషి ఇంకా దొరకలేదు.

జుట్టు పొట్టిగా, రింగులు తిరిగి వచ్చింది. కొత్త చెప్పులు వేసుకుని తొట్టి దగ్గర నిలబడింది. ఎదుటి తొట్టిలో ఎవరిని కూర్చోబెట్టాలన్న మాట వచ్చింది. ఆమెకు సరిగ్గా తూగేవాళ్ళు కావాలి కదా. వరుసలో ముందు నిలబడి ఉంది పెద్దక్క. రక్తంలో తూగని పెద్దక్క బరువులో పిసరంత తేడా లేకుండా తూగింది.

లివర్ తమ్ముడి చేతిలో, మోటారు గ్రీజు బావ చేతిలో. చక్రం కదిలింది. మొదటి చుట్టంతా గిరగిరక్క కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళను, తెలియని దేవుళ్ళను, డాక్టరమ్మను పిలిచింది. రెండో చుట్టులో సరిగ్గా కొసకు చేరగానే చక్రం ఆగింది. తమ్ముడే ఆపాడు. ఆమె ఒళ్ళో ముందే ఒక మైకు పెట్టి పంపాడు.

"మాట్లాడక్కా" అన్నాడు కింది మైకులోంచి. "కళ్ళు తెరిచి."

తెరిచింది. మైదానమంతా దీపాలు. ఇన్నేళ్ళూ కింద నుంచి చూసిన కాళ్ళకు పైన మొహాలున్నాయి, అన్నీ తనవైపే ఎత్తి ఉన్నాయి. భయమో సంతోషమో ఆమెకు తెలియలేదు, రెండూ ఒకే తొట్టిలో ఎక్కినట్టుంది.

"చూడండి బాబూ, నేను పైన ఇరుక్కున్నాను, దిగేదాకా మీరు వినాల్సిందే" అని మొదలుపెట్టింది. తగలని చోట మచ్చలు వస్తే బహుమతి ఇచ్చుకోకండి అంది. విడవని జ్వరానికి, చిగుళ్ళ రక్తానికి, ఊరికే వచ్చే నీరసానికి వానను, బ్రష్షును తిట్టుకుంటూ కూర్చోకండి, అన్నిసార్లూ అది పెద్ద జబ్బే కాకపోవచ్చు, కానీ ఒక్క రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది కదా అంది. ఇది అంటుకునే జబ్బు కాదు, నా గ్లాసు అడిగి చూడండి అంది. గుడారంలో దూదిపుల్లే తప్ప సూది లేదు, మా భీముడే వెళ్ళాడంటే మీరు వెళ్ళలేరా అంది. మధ్యలో కింద పెద్దక్క విసుగు పుట్టి తొట్టి దిగబోతే, మైకులోనే, "అక్కా, కదలకు. నువ్వు దిగితే నేను ఒరుగుతాను" అంది. మైదానం గొల్లుమంది.

మాట అయిపోయింది. చక్రం కదల్లేదు. చూస్తే లివర్ దగ్గర తమ్ముడు లేడు. బ్రేకు బిగించి, గుడారం ముందు నిలబడి, జనానికి తన చెయ్యి చూపిస్తూ ఇక్కడే గుచ్చారు, నాకు చీమ కుట్టినట్టు కూడా లేదని కోతలు కోస్తున్నాడు. అతని వెనకాల వరుస కట్టారు. బక్కజంటలు, భారీ మేష్టారు, బుడగలమ్మే ముసలాయన. వయసు దాటిందని నర్సు చెబుతున్నా ముసలాయన కదలడంలేదు.

గిరగిరక్క అలవాటు కొద్దీ ఆ వరుస మీదుగా చూపు పారించింది. ఎవరికి ఎవరు తూగుతారో, పక్క మంచం అమ్మాయికి వీళ్ళలో ఎవరు తూగుతారో తేల్చబోయింది. తేలలేదు. తన ముక్కే ఉన్న పెద్దక్కే తూగలేదు మరి.

రేకుల గది దగ్గర నుంచి గ్రీజు బావ తలెత్తి, దించనా అని చేత్తో సైగ చేశాడు. వరుస ఇంకా పెరుగుతోంది, బావి చుట్టూ తిరిగి చెక్కమెట్లదాకా వెళ్ళింది. ఇక్కడి నుంచి అయితే దాని చివర కూడా కనిపిస్తోంది. ఆమె తొట్టి అంచును వదిలేసి, రెండు చేతులూ ఊపింది, అప్పుడే వద్దని.